ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే స్నో టైర్లు అక్కర్లేదా? మంచులో బండి జారితే ఏం చేయాలి?

మీరు అడిగినవి మూడు. ఆల్ వీల్ డ్రైవ్ బండి కొన్నాను కదా మళ్ళీ స్నో టైర్లు ఎందుకు, బండి జారితే స్టీరింగ్ ఎటు తిప్పాలి, రోడ్డు మీద ఐస్ ఉందని ముందే ఎలా తెలుస్తుంది. మొదటి చలికాలం అన్నారు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నా, తీరిగ్గా చదవండి. చాలా ఏళ్ళుగా మంచు పడే చోటే నడుపుతున్నా, కొత్తగా వచ్చిన వాళ్ళ పక్కన కూర్చుని నేర్పించడం కూడా అలవాటే, అందరూ ముందు అడిగేది ఆ రెండోదే, జారితే ఏం చేయాలి అని. చెప్తాను, కానీ నిజం ఏంటంటే జారాక మన చేతిలో ఉండేది చాలా తక్కువ, అసలు డ్రైవింగ్ అంతా ఆ జారే చోటుకి ఒక రెండొందల మీటర్ల ముందే అయిపోతుంది, అక్కడ స్పీడు ఎంత ఉంది, ముందు బండికి ఎంత దూరం ఉంచారు అన్నదాన్ని బట్టే మిగతాదంతా.

ముందు ఆల్ వీల్ డ్రైవ్ సంగతి. అది చేసేది ఒక్కటే పని, ఇంజన్ పవర్‌ని నాలుగు చక్రాలకీ పంచుతుంది. కదలడానికి, ఎత్తు ఎక్కడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, నేను కాదనను. కానీ ఆపేటప్పుడు? బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ ఉంటాయి, అక్కడ మీ బండి గొప్పేమీ లేదు, పైగా బరువు కాస్త ఎక్కువే. మలుపులో పక్కకి జారకుండా ఆపేది కూడా టైరే, డ్రైవ్ కాదు. ఇంకో చిక్కు ఉంది, ఇది ఎవరూ చెప్పరు. మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ వాడికి సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడే చక్రం గిర్రున తిరిగి ఓహో ఇవాళ రోడ్డు జారుడుగా ఉంది అని తెలిసిపోతుంది. మీ బండి మాత్రం ఏమీ లేనట్టు సాఫీగా కదిలిపోతుంది, మీకు ఆ వార్నింగే ఉండదు, స్పీడు అరవైకి వెళ్ళాక మొదటిసారి బ్రేక్ తొక్కినప్పుడు తెలుస్తుంది. మంచు పడ్డ రోజు రోడ్డు పక్క గుంటల్లో ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు అన్ని కనపడేది అందుకే.

కొన్ని లెక్కలు చెప్తా, ఇవి ఫిజిక్స్‌తో వచ్చే ఉజ్జాయింపు లెక్కలు, టైరుని బట్టీ ఐస్‌ని బట్టీ అటూ ఇటూ అవుతాయి. గంటకి 50 కిలోమీటర్ల స్పీడులో పొడి తారురోడ్డు మీద గట్టిగా బ్రేక్ తొక్కితే దాదాపు 14 మీటర్లలో ఆగుతుంది. బండ్లు తొక్కి గట్టిపడిపోయిన మంచు మీద అదే 50 మీటర్ల దాకా పోతుంది. నున్నటి ఐస్ మీద 100 మీటర్లు. మీరు ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదకి తెచ్చేలోపు పోయే దూరం వేరే, ఒక సెకను అనుకుంటే అదో 14 మీటర్లు. ఇందులో మంచి వార్త ఏంటంటే స్పీడు సగం చేస్తే ఆగే దూరం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది, అదే ఐస్ మీద 25లో వెళ్తుంటే ఆ 100 మీటర్లు 25కి పడిపోతుంది. నాకు తెలిసి దీనికి మించిన టెక్నిక్ లేదు, దీనికి డబ్బులు కూడా అక్కర్లేదు.

ఇంకోటి, ఎంత చలైతే అంత జారుతుంది అనుకుంటారు చాలామంది, అది తప్పు. మైనస్ 20లో ఐస్ కాస్త గరుగ్గా ఉంటుంది, టైరు ఎంతో కొంత పట్టుకుంటుంది. సున్నాకి అటూ ఇటూ ఉన్నప్పుడు ఐస్ పైన పల్చటి నీటి పొర ఉంటుంది, అన్నిటికంటే ఎక్కువ జారేది అప్పుడే. కాబట్టి ఇవాళ చలి తగ్గింది హమ్మయ్య అనుకున్న రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండండి.

ఇక టైర్లు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, మంచి స్నో టైర్లున్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకీ, సమ్మర్ టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ కారుకీ మధ్య ఎంచుకోమంటే నేను కళ్ళు మూసుకుని మొదటిదే తీసుకుంటా. సమ్మర్ టైరు రబ్బరు 7 డిగ్రీల కంటే కిందికి వెళ్తే గట్టిపడటం మొదలవుతుంది, చలి పెరిగేకొద్దీ చెక్కలా అయిపోతుంది, ఇంక రోడ్డుని పట్టుకునేదేముంది. వింటర్ టైరు, అంటే ఈ స్నో టైరే, దాని రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. దగ్గరగా చూడండి, దాని గడుల మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గీతలు వందల కొద్దీ ఉంటాయి, బరువు పడినప్పుడు అవి కొంచెం విచ్చుకుని వాటి అంచులు ఐస్‌ని గీరుతూ పట్టుకుంటాయి. పెద్ద గాడుల్లో మంచు కూరుకుపోతుంది, అది చెడ్డదనుకుంటారు కానీ కాదు, మంచుకి మంచు బాగా అతుక్కుంటుంది కాబట్టి ఆ కూరుకున్న మంచే కింద మంచుని పట్టుకుంటుంది. ఈ వింటర్ టైర్లు కొత్తవేం కావు, ఫిన్లాండ్ కంపెనీ, ఇప్పుడు నోకియన్ అంటున్నదే, 1934లోనే మొదటిది తయారుచేసింది.

కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు ఉన్న గుర్తు చూసుకోండి, దానికి మంచు మీద టెస్ట్ పాసవ్వాలి. ఉత్త ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురదకీ మంచుకీ) అని రాసి ఉంటే నమ్మకండి, అది కంపెనీ వాడు తనంతట తాను వేసుకునే ముద్ర, టెస్ట్ ఏమీ ఉండదు. జర్మనీలో అయితే 2024 అక్టోబర్ నుంచి చలికాలం రూల్‌కి ఉత్త ఎం ప్లస్ ఎస్ చెల్లదు కూడా. మీరున్న చోట రూల్ ఏంటో కనుక్కోండి, కొన్ని దేశాల్లో తేదీల ప్రకారం తప్పనిసరి, కొన్నిచోట్ల రోడ్డు మీద మంచుంటే తప్పనిసరి, కొన్నిచోట్ల అసలు రూలే లేదు. రూలు లేకపోయినా వేసుకోండి.

నాలుగూ మార్చండి. ముందు రెండే మారిస్తే సరిపోతుందా అని అడుగుతుంటారు. ముందు చక్రాలకి పట్టు బాగా ఉండి వెనకవాటికి లేకపోతే, మలుపులో కాలు తీసినా బ్రేక్ తొక్కినా వెనక భాగం మిమ్మల్ని దాటుకుని ముందుకొస్తుంది, బండి బొంగరంలా తిరుగుతుంది. గాడి లోతు 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే వింటర్ టైరు మంచులో పనిచేయడం బాగా తగ్గిపోతుంది, ఆస్ట్రియాలో చట్టమే ఆ 4ని లెక్కలోకి తీసుకుంటుంది, అంతకంటే అరిగితే వింటర్ టైరు కింద చూడరు. గాలి కూడా చూసుకోండి, టెంపరేచర్ ఓ 5, 6 డిగ్రీలు పడితే ప్రెషర్ దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది, చలి మొదలైన వారంలో టైర్ లైట్ వెలిగేది దీనివల్లే, పంక్చర్ అని కంగారుపడకండి, అలాగని వదిలేయకండి కూడా. టైర్లు చల్లగా ఉన్నప్పుడు డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత కొట్టించండి. మంచులో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని ఎవరో చెప్తారు, మామూలు రోడ్డు మీద ఆ పని చేయకండి.

ఆల్ సీజన్ టైర్లు ఎలా అంటే, ఏడాదిలో ఏ నాలుగైదు సార్లో మంచు పడి మధ్యాహ్నానికి కరిగిపోయే ఊళ్ళో ఉంటే, ఆ కొండ గుర్తు ఉన్నవి తీసుకోండి, సరిపోతాయి. నెలల తరబడి మంచుండే చోటైతే వద్దు.

ఇప్పుడు నడపడం. టైరుకి ఉన్న పట్టు ఒక్కటే, దాన్నే బ్రేకుకి, స్టీరింగుకి, యాక్సిలరేటర్‌కి పంచాలి. పొడి రోడ్డు మీద ఎంత కావాలంటే అంత ఉంటుంది కాబట్టి మనకి ఈ విషయం గుర్తే రాదు, మలుపులో బ్రేక్ తొక్కుతూనే స్టీరింగ్ తిప్పేస్తాం. మంచులో ఆ పట్టు మొత్తం బ్రేకుకే ఇచ్చేస్తే తిరగడానికి ఏమీ మిగలదు. అందుకని ఒకసారి ఒక్క పనే. మలుపుకి ముందే, రోడ్డు తిన్నగా ఉన్నప్పుడే బ్రేక్ వేసి స్పీడు తగ్గించుకోండి, బ్రేకు వదిలేయండి, అప్పుడు తిప్పండి, చక్రాలు మళ్ళీ తిన్నగా అయ్యాక అప్పుడు యాక్సిలరేటర్. ఏది చేసినా మెల్లగా, ఒత్తీ ఒత్తనట్టు. పక్క సీట్లో కూర్చున్నవాడికి మీరు ఎప్పుడు బ్రేక్ తొక్కారో తెలియకూడదు, నేను నేర్పేటప్పుడు చెప్పేది ఇదే.

కదిలేటప్పుడు మాన్యువల్ గేర్ అయితే సెకండ్ గేర్‌లో కదలండి, ఆటోమేటిక్ అయితే చాలావాటిలో స్నో మోడ్ ఉంటుంది, అదీ అదే పని చేస్తుంది. ముందు బండికి మామూలుగా రెండు మూడు సెకన్ల దూరం ఉంచుతాం కదా, మంచులో 8 నుంచి 10 సెకన్లు ఉంచండి. ముందు బండి ఏదో ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలుపెడితే తెలిసిపోతుంది. మధ్యలో ఎవడో ఒకడు దూరతాడు, దూరనివ్వండి, మళ్ళీ వెనక్కి తగ్గండి, ఆ ఖాళీ అందరికంటే మీకే అవసరం. క్రూజ్ కంట్రోల్ అస్సలు వద్దు, కాలు పెడల్ మీద ఉంటేనే రోడ్డు మారిన సంగతి మీకు తెలుస్తుంది. ఎలక్ట్రిక్ బండి వాళ్ళు ఇంకోటి చూసుకోండి, పెడల్ నుంచి కాలు తీయగానే గట్టిగా బ్రేక్ పడే ఆ రీజెన్ సెట్టింగ్‌ని ఐస్ ఉన్న రోజు తగ్గించి పెట్టుకోండి, కాలు ఒక్కసారిగా తీస్తే బ్రేక్ తొక్కినట్టే కదా, జారుడు మలుపులో అది చాలు బండి పక్కకి పోవడానికి. మామూలు బండిలో కూడా టక్కున చిన్న గేరుకి దించితే అదే జరుగుతుంది.

ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు తిరగడం ఆగి లాక్ అయిపోకుండా చూసే ఏర్పాటు, దాని గురించి కొత్తవాళ్ళు ఎక్కువ భయపడతారు. గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కాలి కింద గడగడా కొట్టుకుంటుంది, కింద నుంచి ఏదో గరగరమని చప్పుడు వస్తుంది, ఏదో విరిగిపోయిందేమో అని కాలు తీసేస్తారు. తీయకండి. అది పనిచేస్తున్నట్టు లెక్క. గట్టిగా తొక్కిపెట్టి ఉంచి, తప్పించుకోవాల్సిన వైపు మెల్లగా తిప్పండి, ఏబీఎస్ ఉన్నదే అలా తిప్పగలిగేందుకు, దూరం తగ్గించడానికి కాదు. నిజానికి కొత్తగా పడ్డ పొడి మంచు మీద ఏబీఎస్ ఉన్న బండి కాస్త ఎక్కువ దూరమే పోతుంది, ఎందుకంటే లాక్ అయిన చక్రం ముందు మంచు గుట్టలా పోగై ఆపుతుంది, ఏబీఎస్ చక్రాన్ని తిరగనిస్తుంది కాబట్టి ఆ గుట్ట తయారవ్వదు. పాత బండి, ఏబీఎస్ లేదు అంటే చక్రాలు లాక్ అవ్వగానే కొంచెం వదిలి మళ్ళీ తొక్కాలి, అలా మీరే చేసుకోవాలి.

ఐస్‌ని కనిపెట్టడం, నన్నడిగితే అసలు విద్య ఇదే. తెల్లగా కనపడే మంచుతో పెద్ద గొడవ లేదు, కనపడుతుంది కాబట్టి ఎవడైనా నిదానిస్తాడు. బ్లాక్ ఐస్ అంటారే, అది నల్లగా ఉండదు, అద్దంలా పారదర్శకంగా ఉంటుంది, కింద తారు కనపడుతుంది కాబట్టి తడి రోడ్డు అనుకుంటాం. డ్యాష్‌బోర్డ్ మీద టెంపరేచర్ 3 డిగ్రీలు చూపిస్తోంది కదా గడ్డకట్టదు అని ధీమాగా ఉండకండి, అది గాలి టెంపరేచర్, రోడ్డుది కాదు. మబ్బుల్లేని రాత్రి రోడ్డు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి గాలి కంటే ముందే సున్నా కిందికి పోతుంది. చాలా కార్లు 3, 4 డిగ్రీల దగ్గరే మంచు గుర్తు చూపించి టింగ్‌మనడం అందుకే.

ఎక్కడ ఉంటుందంటే, ముందు వంతెనల మీద. మామూలు రోడ్డుకి కింద నేల వేడి కొంత ఉంటుంది, వంతెనకి పైనా కిందా చల్లగాలే, కాబట్టి అది ముందు గడ్డకడుతుంది. వంతెన ఎక్కేముందే కాలు తీసేయండి, దాని మీద బ్రేకు గానీ స్టీరింగ్ కుదుపు గానీ వద్దు. తర్వాత చెట్ల నీడలో, కొండ పక్కన ఎండ తగలని మలుపులు, అక్కడ మధ్యాహ్నం పన్నెండింటికి కూడా పొద్దున్న ఐస్ అలాగే ఉంటుంది. పగలు కరిగిన మంచు నీళ్ళు రోడ్డుకి అడ్డంగా పారి సాయంత్రానికి గడ్డకట్టే చోట్లు కూడా ఉంటాయి, రోజూ వెళ్ళే దారైతే అవి ఎక్కడో గుర్తుపెట్టుకోండి, ఏటా అవే చోట్లు. తెల్లవారుజామున, సరిగ్గా సూర్యుడు వచ్చే వేళకి రోడ్డు అన్నిటికంటే చల్లగా ఉంటుంది. సిగ్నళ్ళ దగ్గర, స్టాప్ గుర్తుల దగ్గర చక్రాలు తిరిగి తిరిగి మంచుని పాలిష్ పట్టినట్టు చేసేస్తాయి, వీధంతా బాగున్నా ఆ చివరి పది మీటర్లు నున్నగా ఉంటుంది.

ఇంక గుర్తులు చెప్తా. రోడ్డు తడిగా కనపడుతోంది, కానీ ముందు బండి చక్రాల వెనక నీళ్ళ తుంపర లేవడం లేదు, అంటే అది నీరు కాదు. టైర్ల చప్పుడు వినండి, తడి రోడ్డు మీద జుమ్మని వచ్చే చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయి బండి లోపల నిశ్శబ్దంగా అయిపోతే ఐస్ ఎక్కేశారన్నమాట. స్టీరింగ్ చేతిలో తేలిగ్గా, గాల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. మీ సైడ్ మిర్రర్ల అంచుల మీద, వైపర్ల మీద గాజు పొరలా కడుతుంటే రోడ్డు మీద కూడా అదే కడుతోంది, దాన్ని ఫ్రీజింగ్ రెయిన్ అంటారు, వాన నీటి రూపంలోనే పడి తగలగానే గడ్డకడుతుంది, అది పడుతుంటే ఏ టైరైనా ఒకటే, ఎక్కడో ఒకచోట సురక్షితంగా పక్కకి ఆపేసుకోవడమే. అనుమానం తీరాలంటే వెనక ఎవరూ లేనప్పుడు, తిన్నటి రోడ్డు మీద, తక్కువ స్పీడులో బ్రేక్ కొంచెం నొక్కి చూడండి, ఏబీఎస్ వెంటనే గడగడమంటే సంగతి అర్థమైనట్టే.

ఐస్ ఎక్కేశాను అని తెలిస్తే ఏమీ చేయకండి. నిజంగా ఏమీ చేయకండి. కాళ్ళు తీసేయండి, స్టీరింగ్ ఉన్నది ఉన్నట్టు పట్టుకోండి, చాలాసార్లు ఆ ముక్క చిన్నదే ఉంటుంది, అవతలికి వెళ్ళాక పట్టు దొరుకుతుంది. గొడవంతా అక్కడ కంగారుపడి బ్రేక్ తొక్కినప్పుడే వస్తుంది.

మీ రెండో ప్రశ్న, జారితే. ఇందులో రెండు రకాలు, రెండిటికీ చేయాల్సింది వేరు. మొదటిది ముందు చక్రాలు జారడం, మీరు స్టీరింగ్ తిప్పారు, బండి మాత్రం వినకుండా తిన్నగా పోతోంది. అప్పుడు అందరూ చేసేది ఇంకా తిప్పడం, దాంతో పట్టు అస్సలు దొరకదు, ఒకవేళ దొరికినా చక్రాలు పూర్తిగా తిరిగి ఉంటాయి కాబట్టి బండి ఒక్కసారిగా పక్కకి లాగేస్తుంది. యాక్సిలరేటర్ వదలండి, తిప్పిన దాంట్లో కొంచెం వెనక్కి తగ్గించండి, ఒక సెకను ఆగండి, స్పీడు తగ్గాక చక్రాలు మళ్ళీ పట్టుకుంటాయి, అప్పుడు మెల్లగా తిప్పుకోండి. ఆ ఒక్క సెకను ఆగడం చాలా కష్టం, మనసు ఒప్పుకోదు, ఎదురుగా గట్టు వచ్చేస్తుంటే తిప్పినదాన్ని తగ్గించమంటే ఎవరికైనా పిచ్చి సలహా అనిపిస్తుంది, కానీ పనిచేసేది అదే.

రెండోది వెనక భాగం పక్కకి కొట్టుకుపోవడం. జారే వైపే స్టీరింగ్ తిప్పు అని చెప్తుంటారు, వినడానికి బాగుంటుంది, ఆ టైంలో ఏ వైపు జారుతోందో ఎవడికి తెలుస్తుంది. నేను చెప్పేది, మీరు వెళ్ళాలనుకున్న వైపు చూడండి, చేతులు వాటంతట అవే అటు తిప్పుతాయి. వెనక భాగం కుడికి పోతే బండి ముక్కు ఎడమకి తిరుగుతుంది, మీకు రోడ్డు కుడివైపు కనపడుతుంది, మీరు కుడికే తిప్పుతారు, సరిపోయింది. చూపు మాత్రం చెట్టు మీదకో స్తంభం మీదకో పోనివ్వకండి, ఎటు చూస్తే అటే పోతాం. బ్రేక్ తొక్కకండి, యాక్సిలరేటర్ మెల్లగా వదలండి, మాన్యువల్ అయితే క్లచ్ నొక్కేయండి. అసలు ముప్పు దీని తర్వాత ఉంది, బండి తిన్నగా వస్తుండగానే స్టీరింగ్ కూడా వెంటనే తిన్నగా తెచ్చేయాలి, కాస్త ఆలస్యమైతే వెనక భాగం ఇంకా జోరుగా రెండో వైపుకి కొడుతుంది, చాలామంది బోల్తా పడేది ఆ రెండో ఊపులోనే. ఇప్పటి బండ్లలో ఈఎస్‌సీ అని బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటుంది, అది ఏ చక్రానికి కావాలో ఆ చక్రానికి విడిగా బ్రేక్ వేసి సరిచేస్తుంది, మీరు స్టీరింగ్ వెళ్ళాల్సిన వైపు పెడితే చాలు. మామూలుగా నడిపేటప్పుడు దాన్ని ఆఫ్ చేయకండి.

ఇంక అయిపోయింది, బండి పూర్తిగా తిరిగిపోయింది అనిపిస్తే బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోండి, కనీసం స్పీడన్నా తగ్గుతుంది. చేతిలో ఏమన్నా ఛాయిస్ ఉంటే ఎదురొచ్చే బండి కంటే, చెట్టు కంటే, పక్కన ఉన్న మంచు గుట్ట మంచిది.

ఎత్తులు, పల్లాలు. ఎక్కేటప్పుడు ముందున్న బండి పూర్తిగా పైకి వెళ్ళేదాకా కిందే ఆగండి, మధ్యలో వాడు ఆగితే మీరూ ఆగాలి, మళ్ళీ కదలలేరు. కిందే కొంచెం ఊపు తీసుకుని, కాలు ఒకేలా ఉంచి ఎక్కండి, సగంలో స్పీడు తగ్గుతోందని యాక్సిలరేటర్ పెంచితే చక్రాలు తిరుగుతాయి గానీ బండి కదలదు. దిగేటప్పుడు దిగడం మొదలుపెట్టకముందే చిన్న గేరులో పెట్టుకోండి, సగం దిగాక ఆ ఆలోచన వస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

రోడ్డు మీద మంచు తోసే ప్లౌ బండి కనపడితే దాన్ని ఓవర్‌టేక్ చేయకండి. దాని ముందున్న రోడ్డు మీరున్న రోడ్డు కంటే అధ్వాన్నంగా ఉంటుంది, పైగా పక్కకి రెక్కలా చాచిన బ్లేడు మంచు దుమ్ములో కనపడదు. దాని వెనక బాగా దూరంగా వెళ్ళండి, మీకోసం రోడ్డు శుభ్రం చేస్తోంది కదా. ఉప్పు చల్లారు కాబట్టి పర్వాలేదు అని కూడా అనుకోవద్దు, మామూలు ఉప్పు మైనస్ 9, 10 దాటాక పెద్దగా పనిచేయదు. లేన్ మారేటప్పుడు రెండు లేన్ల మధ్య బురద మంచు గట్టులా ఉంటుంది, చక్రం దాని మీదకి ఎక్కగానే స్టీరింగ్ లాగేస్తుంది, మారక తప్పదంటేనే మారండి. మంచు జోరుగా పడుతుంటే హై బీమ్ వేయకండి, వెలుగంతా మంచు రేకులకి తగిలి మన కళ్ళలోకే వస్తుంది, లో బీమ్ చాలు.

బయల్దేరే ముందు పనులు. అద్దం మీద ఓ చిన్న కిటికీ అంత గీకేసి వెళ్ళిపోయే వాళ్ళని రోజూ చూస్తుంటా, ఒళ్ళు మండుతుంది. అన్ని అద్దాలూ, మిర్రర్లూ, లైట్లూ, టాప్ కూడా శుభ్రం చేయాలి. టాప్ మీద మంచు వదిలేస్తే మొదటి బ్రేకుకే అంతా జారి ముందు అద్దం మీద పడుతుంది, ఒక్కసారిగా కళ్ళు కట్టేసినట్టవుతుంది, లేదా వెనకొచ్చేవాడి మీదకి పలకలా ఎగిరి పడుతుంది. వేడినీళ్ళు మాత్రం పోయకండి, అద్దం పగులుతుంది. రాత్రి ఆపేటప్పుడే వైపర్ స్విచ్ ఆఫ్ చేసి ఉంచండి, అతుక్కుపోయిన వైపర్లు స్టార్ట్ చేయగానే కదలబోతే మోటార్ కాలిపోవచ్చు. వాషర్‌లో చలికాలం లిక్విడే పోయండి, మామూలు నీళ్ళు ఉంటే స్పీడులో అద్దం మీద పడ్డ మరుక్షణం గడ్డకట్టి ఏమీ కనపడదు. ఎల్ఈడీ హెడ్‌లైట్లు పాత బల్బుల్లా వేడెక్కవు కాబట్టి వాటి మీద మంచు కరగదు, దూరం వెళ్తుంటే మధ్యలో ఆగి తుడవాలి. ముందు గ్రిల్ దగ్గర రాడార్ సెన్సార్ మంచుతో కప్పబడిపోతే ఆటోమేటిక్ బ్రేకింగ్ కూడా ఆగిపోతుంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. లోపల అద్దాలు మసకేస్తే హీటర్‌తో పాటు ఏసీ కూడా వేయండి, లోపలి గాలే తిప్పే బటన్ ఆఫ్ చేయండి, చలికాలంలో ఏసీ ఏంటి అనకండి, తేమ లాగేది అదే. ఎక్కేముందు బూట్లు దులుపుకోండి, మంచంటిన అరికాలు పెడల్ మీద జారుతుంది. పిల్లలకి మందపాటి కోటు మీద చైల్డ్ సీట్ బెల్ట్ పెట్టకండి, బిగుతుగా ఉన్నట్టే ఉంటుంది గానీ గుద్దుకున్నప్పుడు కోటు నలిగిపోయి బెల్ట్ వదులైపోతుంది, కోటు తీసి బెల్ట్ పెట్టి పైన దుప్పటి కప్పండి.

బండి కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కుతూ పోకండి, చక్రం కింద మంచు కరిగి ఐస్ అయి ఇంకా లోతుకి దిగుతుంది. చక్రాల ముందూ వెనకా తవ్వి, ఇసుకో కారు మ్యాటో వేసి, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం ఊరికే తిరుగుతుంటే పవర్ తగ్గించే ఏర్పాటు) ఆఫ్ చేసి, మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపుతూ బయటికి తెండి. బయటికొచ్చాక ఆ బటన్ మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోవద్దు.

మంచు తుఫానులో చిక్కుకుని రోడ్డు మీదే ఆగిపోతే బండి వదిలి నడిచి వెళ్ళకండి, కంటి ముందు ఏమీ కనపడని మంచులో దారి తప్పడానికి పది నిమిషాలు చాలు. వెచ్చదనానికి ఇంజన్ ఆన్ చేసేముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వేయండి, ప్రతిసారీ. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గంటకి ఓ పది నిమిషాలు ఇంజన్ వేసుకోండి, గాలి కొట్టని వైపు అద్దం కొంచెం దించి ఉంచండి. ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గనివ్వొద్దు అనేది ఇందుకే. డిక్కీలో చిన్న పార, దుప్పటి, గ్లవ్స్, టార్చి, తాగే నీళ్ళు, ఫోన్ ఛార్జర్, టో తాడు ఎలాగూ పెట్టుకుంటారు.

బ్యాటరీ నాలుగైదేళ్ళు దాటినదైతే చలి ముదరకముందే చెక్ చేయించండి, మైనస్ 18 దగ్గర దాని శక్తి దాదాపు సగానికి పడిపోతుంది, అదే సమయంలో చిక్కబడ్డ ఆయిల్‌తో ఇంజన్‌ని తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి. ఎలక్ట్రిక్ బండైతే ఛార్జర్‌కి పెట్టి ఉండగానే లోపల వేడి చేసుకుని బయల్దేరండి, రేంజ్ మామూలు రోజుల్లో వచ్చినంత రాదు, దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకోండి.

మొదటి మంచు పడగానే, ఎవరూ లేని, స్తంభాలు లేని ఖాళీ పార్కింగ్ స్థలం ఏదైనా ఉంటే, అనుమతి ఉంటే, అక్కడికి వెళ్ళి 20, 30 స్పీడులో కావాలని గట్టిగా బ్రేక్ తొక్కి చూడండి, ఏబీఎస్ కాలికి ఎలా తగులుతుందో ఒకసారి తెలిస్తే రోడ్డు మీద కాలు తీయరు. మలుపు కొంచెం జోరుగా తిప్పి ముందు చక్రాలు ఎలా జారతాయో, స్టీరింగ్ తగ్గిస్తే ఎలా పట్టుకుంటాయో చూడండి. పైన నేను రాసినదంతా చదవడం కంటే అక్కడ ఒక గంట ఎక్కువ నేర్పిస్తుంది.

ఆఖరుగా మీరు అడగనిది ఒకటి. బాగా చలి ఉన్న రాత్రి, బండి తడిగా ఉంటే హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేయకండి, పొద్దున్నకి బ్రేక్ అతుక్కుపోయి వెనక చక్రాలు తిరగవు. సమతలం మీద ఆపి, ఆటోమేటిక్ అయితే పీ (పార్కింగ్)లో, మాన్యువల్ అయితే ఫస్ట్ గేర్‌లో పెట్టి వదిలేయండి. ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్ ఇంజన్ ఆపగానే తనంతట తాను పడేదైతే దాన్ని ఆపే పద్ధతి మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, ఇప్పుడే చూసి పెట్టుకోండి, మైనస్ 15లో వేళ్ళు కొంకర్లు పోతుంటే పేజీలు తిప్పలేరు.